కొండయ్య బలం, సోమయ్య చురుకు

నల్లపాడు,
1-6-1959

చిరంజీవి తమ్ముడు మార్కండేయులుకు అక్క రమణమ్మ ఆశీస్సులు. ఇక్కడ మీ బావగారు, మా ఆడపడుచు రాజ్యం, నేను క్షేమం. నీ కాలు ఎలా ఉందో రాయి.

ఒంగోలులో మీ ఇంట నేనున్న ఆఖరి పొద్దు గుర్తుకు వస్తూనే ఉంది. విశేషమేమీ లేని పొద్దే. తెల్లవారకముందే నీ కూతురు మల్లేశ్వరి వాకిలి చిమ్మి కళ్ళాపి చల్లింది. మరదలు పేరమ్మ పొయ్యి ముట్టిస్తే, పత్తికట్టె తడిసి ఉండి ఇల్లంతా పొగ నిండింది. నేను తులసి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి నువ్వు కాలికి పిండికట్టుతో మంచం మీద పడుకుని, దిండు మీద కాగితం పెట్టుకుని గళ్ళు గీస్తున్నావు. ఒకప్పుడు తాలింఖానాలో కుస్తీ పట్టినవాడివి. ఇప్పుడు కాగితం మీద పట్టిస్తున్నావు. మల్లేశ్వరి రెండు బిందెల నీళ్ళు తొణక్కుండా మోసుకొచ్చి దించి, డ్రిల్లు టీచరు ట్రైనింగుకు గుంటూరు వెళ్తాను, ఇంటర్వ్యూకు నీ సంతకం కావాలి నాన్నా అంది. "ఆడపిల్లకు బలమెక్కడిదే? బలం లేనిదే కుస్తీ లేదు, డ్రిల్లూ లేదు" అన్నావు. చురుకు చాలదా అన్నాను నేను. చాలదన్నావు. ఇంతలో పేరమ్మ కాఫీ తెచ్చింది. మాట అంతటితో ఆగిపోయింది.

నాలుగు రోజులు దేవుడి ముందు కూర్చుని ఆలోచించాను. నీ కాగితం ఆటలోనే తేల్చుకుందాం. బలమున్నవాడు నీవాడు, చురుకైనవాడు నావాడు. నావాడు గెలిస్తే పిల్ల మా ఇంట్లో ఉండి ట్రైనింగు చదువుతుంది. ఓడితే ఆ మాట నేను మళ్ళీ ఎత్తను.

ఇట్లు,
అక్క రమణమ్మ

తా.క. నాకు ఆట రాదు. నియమాలు రాయి.


ఒంగోలు,
4-6-1959

అక్కయ్యకు మార్కండేయులు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. కట్టు కింద కాలు దురద పెడుతోంది.

పందెం ఒప్పుకున్నాను. రాసుకో. ప్రతివాడికీ బలం, చురుకు కలిపి పన్నెండు. అంతకు మించి దేవుడు ఎవరికీ ఇవ్వడు. ఊపిరి పది. చేతుల్లో కర్రా కత్తీ ఉండవు, ఒట్టి చేతులే. కొట్టేవాడు ఆరు గవ్వలు వేసి, వెల్లకిల పడ్డవాటికి తన చురుకు కలుపుకోవాలి. అది ఎదుటివాడి చురుకును దాటితే దెబ్బ తగిలినట్టు. తగిలితే కొట్టినవాడి బలం ఎంతో అంత ఊపిరి పోతుంది. ఉత్తరానికి మూడు దెబ్బలు. పెద్దదానివి, మొదటి వంతు నీదే.

నావాడు కొండయ్య. బలం తొమ్మిది, చురుకు మూడు. వీడి దెబ్బ ఒక్కటి తగిలితే నీవాడికి ఒక్క ఊపిరి మిగులుతుంది. దానితో నారాయణ అనుకోవచ్చు.

నీ తమ్ముడు,
మార్కండేయులు

తా.క. నీవాడికి పేరు పెట్టు. పేరు లేనివాణ్ణి కొడితే నాకు తృప్తి ఉండదు.


నల్లపాడు,
8-6-1959

చి. తమ్ముడికి ఆశీస్సులు. అందరం క్షేమం.

నావాడు సోమయ్య. సోమవారం నాడు పుట్టాడు. బలం రెండు, చురుకు పది. పూజ అయ్యాక పీట మీద గవ్వలు వేశాను. మొదట రెండు, తర్వాత ఒకటి, తర్వాత నాలుగు పడ్డాయి. మూడు దెబ్బలూ తగిలాయి. కొండయ్యకు ఊపిరి నాలుగు మిగిలింది. పాపం, కాస్త మజ్జిగ ఇవ్వండి.

ఇక నీ వంతు.

అక్క రమణమ్మ

తా.క. లెక్క వేసి చూశాను. ఆరు గవ్వలూ వెల్లకిల పడినా, కొండయ్య చురుకుతో కలిపి తొమ్మిదే. సోమయ్య పదిని ఎన్నటికీ దాటదు. తెలిసీ చెప్పకపోవడం ధర్మం కాదని రాస్తున్నాను.


ఒంగోలు,
13-6-1959

అక్కయ్యకు,

సోమయ్య పోయాడు. మల్లేశ్వరి పొద్దుటినుంచీ అన్నం ముట్టలేదు.

ఎలాగంటే, కొట్టడానికి దగ్గరికి వచ్చినవాణ్ణి ఒడిసి పట్టుకోవచ్చు. తాలింఖానాలో ఎవరినడిగినా చెబుతారు. పట్టు పడ్డాక చురుకు పనికిరాదు, బలమే. గవ్వలకు నావాడి బలం కలిపి, నీవాడి బలం తీసేస్తే ఎంత మిగిలితే అంత ఊపిరి పోతుంది. గవ్వలు ఆరు పడ్డాయి. ఆరూ తొమ్మిదీ పదిహేను, రెండు పోగా పదమూడు. సోమయ్యకున్నది పది.

మార్కండేయులు

తా.క. మూడు ఎక్కువే తీశాను. వచ్చే జన్మలో సర్దుకోమను. కార్డులో ఇక చోటు లేదు.


నల్లపాడు,
16-6-1959

చి. తమ్ముడికి ఆశీస్సులు. మేం ముగ్గురం క్షేమం. ఈ ఒక్క ముక్క నీ కార్డులో లేకపోవడం వల్ల ఏం జరిగిందో రాస్తున్నాను.

సోమవారం నేను పెదకాకాని గుళ్ళో నిద్ర చేయడానికి వెళ్ళాను. రాజ్యానికి చదువు రాదు. పోస్టుమాన్ సుభానీ గుమ్మం ముందు నిలబడి కార్డు చదివాడు. క్షేమం అన్న మాట లేకుండా మొదలైతే అది చావు కబురే గదా. సోమయ్య పోయాడు అనేసరికి "చాలు బాబూ" అని రాజ్యం కార్డు అందుకుని, ఇంట్లోకి తేకుండా అక్కడే చింపి, తలకు పోసుకుంది. మీ బావగారి చేతా పోయించింది. పొయ్యి ఆర్పేశారు.

సోమయ్య ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే బాగుండదని ఎవరూ అడగలేదు. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. చిన్నప్పుడు తనను ఎత్తుకు తిప్పాడని రాజ్యం ఏడ్చిందట. పక్కింటి వెంకటరావమ్మ, అంత బలమైన మనిషి ఇలా పోతాడనుకోలేదందట.

ఇవాళ తిరిగి వచ్చి, గుమ్మంలో ముక్కలు ఏరి అతికించి చదివాను.

పట్టు నియమం దెబ్బలు తిన్నాక పెట్టావు. అయినా అందులో న్యాయం ఉంది. చేతికి చిక్కినవాడికి చురుకు ఉండి ఏం లాభం? ఓటమి ఒప్పుకున్నాను. మల్లేశ్వరి చదువు మాట ఇక ఎత్తను.

అక్క రమణమ్మ

తా.క. నేనూ తలకు పోసుకున్నాను. కాస్త కష్టంగానే ఉంది.


ఒంగోలు,
17-6-1959
మల్లేశ్వరి చేతికి ఇచ్చి పంపినది

అక్కయ్యకు,

రాజ్యం వదిన పేర నిన్న కార్డు వచ్చింది. "జరగరానిది జరిగింది. తలకు పోసుకున్నాం." అంతే. పోయింది ఎవరో లేదు, క్షేమం లేదు. పేరమ్మ గుమ్మంలోనే చింపేసింది. బావగారా, నువ్వా? ఉత్తరం నీకు రాస్తున్నాను కనుక నువ్వు ఉన్నావనే అనుకుంటున్నాను.

నేను కదల్లేను. నన్ను వదిలి పేరమ్మ రాలేదు. పరామర్శకు మన ఇంటినుంచి మనిషి రాకపోతే తప్పు. మల్లేశ్వరిని ఒంటరిగా పంపుతున్నాను. తెనాలిలో ఒకసారి, గుంటూరులో ఒకసారి బండి మారాలి. అది చేరిందని తెలిసేదాకా నా ప్రాణం నాలో ఉండదు.

మార్కండేయులు

తా.క. వంగలేను కనుక గవ్వలు కింద వేసేది మల్లేశ్వరే. మంచం మీంచి నాకు కనబడవు, అది చెబితే రాసుకుంటాను. రెండు అని ఉంటే సోమయ్య బతికేవాడు. "ఆరు నాన్నా" అంది.


నల్లపాడు,
17-6-1959

చి. తమ్ముడికి ఆశీస్సులు. అందరం బతికే ఉన్నాం. మల్లేశ్వరి సాయంత్రం నాలుగింటికి చేరింది. రాజ్యం సుభానీ చేత మీకు కార్డు రాయించిన సంగతి అప్పుడే తెలిసింది. పోయినాయన పేరెందుకు రాయించలేదంటే, మీవాళ్ళే గదా, మీకు తెలియదా అంది.

తెనాలిలో బండి కదిలిపోతుంటే పిల్ల పెట్టెను లోపలికి విసిరి, పరిగెత్తి కమ్మీ పట్టుకుని ఎక్కిందట. విసరడానికి బలం, ఎక్కడానికి చురుకు. రెండూ కలిపి పన్నెండు దాటాయేమో నువ్వే చూసుకో.

సోమయ్య ఎవరో అదే చెప్పేసింది. రాజ్యం ముందు పిల్ల చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చింది. తర్వాత "ఏడ్చిన ఏడుపు వెనక్కి తీసుకోమంటావా వదినా? వీధివాళ్ళంతా వచ్చి కూర్చుని పోయారు. పరామర్శకు వచ్చిన పిల్ల పదో రోజుదాకా ఊరికి పోవడానికి వీల్లేదు" అంది. పదో రోజు వచ్చే బుధవారం. ఇంటర్వ్యూ మంగళవారం అని మీ బావగారు గోడతో అన్నట్టు అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను.

బట్టలు మార్చుకోవడానికి పిల్ల పెట్టె తెరిచింది. అడుగున, దానికి తెలియకుండా మడిచి పెట్టిన కాగితం ఉంది. తండ్రి అంగీకారం, కింద నీ సంతకం. తేదీ చూశాను. పదమూడు. సోమయ్య పోయాడని నాకు రాసిన రోజు. మల్లేశ్వరి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దేవుడి గది ముందు చాలాసేపు కూర్చుంది. నీ ఉత్తరంలో దాని మాట లేదు. నేనూ అడగను.

అక్క రమణమ్మ

తా.క. దీపాలు పెట్టాక నలుగురం కూర్చుని అనుకున్నది ఇది. పిల్ల పదో రోజుదాకా ఇక్కడే ఉంటుంది. మంగళవారం పొద్దుటి బండికి మీ బావగారూ రాజ్యమూ దాన్ని ఇంటర్వ్యూకు తీసుకువెళ్తారు. మాట ఇచ్చినదాన్ని కనుక నేను వెళ్ళను. వాళ్ళు తిరిగి వచ్చేసరికి వంట చేసి ఉంచుతాను.