శీనూ, లే బిడ్డా

ఆదివారం రాత్రి, గోడాదరా

ఇయ్యాల తమ్ముడు శీను పేరు మీద ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టిండ్రు. కప్పు ఇయ్యనీకి అమ్మను తోల్కపోయిన. శీను వారమంత మగ్గం నడిపి, ఆదివారం గోల్‌కీపర్‌గ నిలబడేటోడు. తర్వాత ఫౌజుల చేరిండు. లడాయికి పోయి పెట్టెల వచ్చిండు. ఆ పెట్టెను మమ్మల్ని తెరవనియ్యలే.

ఆట నడుమ బంతి కోసం దుంకిన గోల్‌కీపర్ తలకాయ స్తంభానికి తాకింది. పడ్డోడు పడ్డట్టే ఉన్నడు. అమ్మ నా చెయ్యి ఇడిపించుకొని గ్రౌండ్‌లకు ఉరికింది.

"శీనూ, లే బిడ్డా!"

జర సేపటికి ఆయన కండ్లు తెరిచి, "లేస్తున్న అమ్మా, ఏం కాలే" అన్నడు. అమ్మ కొంగుతోని ఆయన మొకం తుడిచింది.

ఆటోల ఇంటికొస్తుంటె అమ్మ అడిగింది.

"పిలిస్తె లేచిండు గదనే. ఆడ లడాయిల మనోణ్ని ఎవలన్న పిలిచిండ్రంటవా?"

"పిలిచే ఉంటరమ్మా."

"ఏమని పిలుస్తరు? ఆడ వాణ్ని శీను అనేటోళ్లు ఎవలున్నరు?"

ఇల్లు రాంగనే దిగి ఆటోకు పైసలిచ్చిన. ఇప్పుడు పక్క అర్రల అమ్మ ఇంక పండుకోలే. మళ్ల అడుగుతదేమోనని భయమైతుంది...