గడ్డ అన్నాను

ఫిబ్రవరి 6
అక్కకి నాలుగో నెల. బిడ్డ కోసం తీసిన స్కాన్‌లో ఒక అండాశయం మీద కణితి కనబడింది. డిస్‌జెర్మినోమా అని అనుమానం. అరుదైన క్యాన్సర్. ఆ పేరు పదేపదే పలికి చూసుకున్నాను. పదాలంటే నాకు పిచ్చి. ఒక పదం ఇంత చేదుగా ఉండడం ఇదే మొదటిసారి.

వచ్చే మంగళవారమే ఆపరేషన్, ఈ నెలల్లో అయితే బిడ్డకి ప్రమాదం తక్కువ, ఆగితే తల్లికి ముప్పు అంది డాక్టరమ్మ.

ఫిబ్రవరి 7
బావ వాళ్లమ్మకి, అంటే అత్తయ్యగారికి, చెప్పలేకపోయాడు. నేనుంటున్నదీ వాళ్లింట్లోనే. బ్రష్ నోట్లో పెట్టుకునే నా గదికొచ్చాడు. నీకు మాటలొచ్చు కదా, మెల్లగా నువ్వే చెప్పు అన్నాడు.

అత్తయ్యగారు దుప్పట్లు మడతపెడుతున్నారు. చిన్న గడ్డ అండీ, తీసేస్తారట అన్నాను. ఆవిడ ముఖం తేలికపడింది. ఎంత సున్నితంగా చెప్పానో అని గర్వపడ్డాను కూడా.

ఫిబ్రవరి 8
కొంప మునిగింది.

గడ్డే కదా, కాన్పయ్యాక చూద్దాం, కడుపులో పసిగుడ్డు ఉండగా కత్తేమిటి, డాక్టర్లకేం పోయింది అని తేల్చేశారు అత్తయ్యగారు. బావ బండి తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. అక్కకి నిజం తెలుసు. బిడ్డకేమవుతుందోనన్న భయంతో అత్తయ్యగారి మాటనే పట్టుకుంది. ఆసుపత్రికి ఫోన్ చేసి, మంగళవారం రామని చెప్పేసింది.

ఫిబ్రవరి 9, ఉదయం
వంటింటి దాకా రెండుసార్లు వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చేశాను.

సాయంత్రం
చెప్పేశాను, వంటింట్లో. గడ్డ కాదండీ, క్యాన్సర్, ఆగితే అక్క దక్కదేమో, మీరు బాధపడతారని మాట మార్చాను అన్నాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టారు. నేను బాధపడకూడదని నా కోడల్ని చంపుకోమంటావా, చదువుకున్న మొద్దూ అన్నారు. తర్వాత బావ వంతు. చిన్నపిల్లని ముందుకు తోసి నువ్వెక్కడ దాక్కున్నావురా అని దులిపేశారు.

ఆసుపత్రికి ఫోన్ చెయ్యమని అక్కకి చెప్పారు. బిడ్డ పోతే, అని అడిగింది అక్క. అత్తయ్యగారు పక్కన కూర్చుని, ఫోన్ తీసి అక్క చేతిలో పెట్టారు.

ఆ టైమ్ వేరేవాళ్లకి ఇచ్చేశారట. వచ్చి కూర్చోండి, వీలైతే చూస్తాం అన్నారట.

ఫిబ్రవరి 12
పొద్దున్నుంచీ కారిడార్లోనే. మధ్యాహ్నం దాటాక లోపలికి తీసుకెళ్లారు. లోపల అక్క. అక్క లోపల ఇంకొకరు.

బయటికి తెచ్చాక డాక్టరమ్మ అక్క పొట్ట మీద మెషిన్ ఆనించింది. ముందు బరబరమని శబ్దం. తర్వాత బిడ్డ గుండె చప్పుడు. బావ గోడవైపు తిరిగిపోయాడు.

ఫిబ్రవరి 21
రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. ఆ అండాశయం దాటలేదు. కీమో ఇప్పుడు వద్దు, కాన్పు దాకా కనిపెట్టుకుని ఉండాలి.

అత్తయ్యగారు తన చెల్లెలికి ఫోన్‌లో చెబుతున్నారు. మా కోడలికి క్యాన్సరే, అవును, కడుపుతోనే ఉంది, రెండూ నిజమే, ఆ ఏడుపు ఆపి వినవే, అంటున్నారు.