చీరముక్కల కింద సముద్రం

జహీరాబాద్,
12-11-1986

నా అనంతమ్మకు,

నీ చెల్లెలు కమలమ్మ కాలు ఎలా ఉంది? కట్టు విప్పేదాకా నువ్వు రాయికోడ్‌లోనే ఉండు, నా ఫికర్ చేయకు. అన్నం నేనే వండుకుంటున్నాను. అడుగు మాడుతోంది గానీ పైది బాగానే ఉంటోంది. ఇవన్నీ ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే అసలు సంగతి మొదలుపెడితే నాకిక ఏదీ గుర్తుండదు. అనంతమ్మా, కూర్చుని చదువు. భాగీరథి కార్డు రాసింది. నీకు కాదు, నాకు! మన బిడ్డ ఎనిమిదేళ్ల తర్వాత నా పేరు మీద కార్డు రాసింది. పోస్టుమ్యాన్ ముందే నిలబడి నాలుగుసార్లు చదివాను. అతను సైకిలెక్కి పోయాడు, నేను మళ్లీ చదివాను.

ఆమెను మన ఊరి కాలేజీకి బదిలీ చేశారట. ఆమె మొగుడు శరణప్ప రోజూ బస్సులో బీదర్‌కు పనికి పోయి వస్తాడట. స్టేషన్ రోడ్డులో ఒక మేడ గది మాట్లాడుకున్నారు. కార్డు చివర ఇలా ఉంది: "బాపూ, లారీ కావాలె. మెల్లగ నడిపేటోడు కావాలె. వస్తావా?"

లారీ ఎందుకంటే, హైదరాబాద్‌లో ఆమె ఇంట్లో ఒక సముద్రం ఉంది. నవ్వకు. ఆరడుగుల అద్దాల పెట్టె, నిండా ఉప్పునీళ్లు. అడుగున సముద్రం నుంచి తెచ్చిన రాళ్లు, ఆ రాళ్లకే ప్రాణం ఉంటుందట. వాటి మీద పువ్వుల్లా విచ్చుకునే జీవాలు, వాటి మధ్య నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు. మంచినీళ్లు తగిలితే చస్తాయి, ఇనుము తగిలితే చస్తాయి, బండి ఎత్తి కుదేసినా చస్తాయి. వాటిని ప్రాణాలతో జహీరాబాద్ చేర్చాలి.

చూడకుండా ఇవన్నీ నాకెలా తెలుసంటావా? నీ దగ్గర ఎనిమిదేళ్లు దాచిన మాట ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు అయిదో తరగతి చదివినదానివి, నాకంటే ఒకటి ఎక్కువ, నీ అంతట నువ్వే చదువుకుంటావన్న ధైర్యంతో రాస్తున్నాను. శరణప్ప మన కులం కాదని, రిజిస్టర్ పెళ్లి చేసుకుని వచ్చిన ఆ ఇద్దరినీ ముందు గదిలోంచే వెళ్లగొట్టాను. "ఈ గడప మళ్ల తొక్కకు" అన్నాను. అన్న మరునాటి నుంచే ఆ మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అదే ఏడాది, నాతో బొంబాయి లారీ మీద తిరిగే రేవణసిద్ధప్ప ఒక సంగతి చెప్పాడు. భాగీరథి అతనికి కబురు పెట్టిందట, పెట్టెలోకి బొంబాయి నుంచి మంచి సముద్రపు నీళ్లు తెచ్చిస్తావా అని. ఆ రోజు నుంచి ఆ నీళ్లు తెచ్చింది నేనే. ఓడలు నిలిచే చోట నూనె తేలుతుందని, అక్కడి కోలీ జాలర్లతో పడవ మీద లోపలికి పోయి ప్లాస్టిక్ డ్రమ్ములు నింపించేవాణ్ని. నువ్వు అడిగితే లారీ కడగడానికి అని చెప్పిన డ్రమ్ములు అవే. పటాన్‌చెరు రాగానే నేను దిగి హోటల్లో చాయ్ తాగుతూ కూర్చునేవాణ్ని, రేవణసిద్ధప్ప ఒక్కడే పోయి ఆమెకు దింపి వచ్చేవాడు. నా పేరు ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఇంకొకటి. నీ పాత చీరలు మాయమవుతున్నాయి, ఏ దాబా మహాతల్లికి కట్టబెడుతున్నవని అడిగేదానివి కదా. నీళ్లు వడగట్టడానికి, డ్రమ్ము మూతికి కట్టడానికి మెత్తటి నూలుబట్ట కావాలి. తలుపు వెనక పాతబట్టల మూటలో పైనున్నది తీసుకుపోయేవాణ్ని. నా అదృష్టం కొద్దీ ఎప్పుడూ ముందే చిరిగి ఉండేవి. తిట్టుకో, నీకు హక్కుంది.

మేడ మీద అంత బరువు నిలవదు అనంతమ్మా, కప్పు కూలుతుంది. అందుకే మన ముందు గదిలో పెట్టుకొమ్మని జవాబు రాశాను. కింద బండలు పరిచిన గది, ఏనుగును నిలబెట్టినా కదలదు. కానీ ఆమెను వెళ్లగొట్టింది ఆ గదిలోంచే. దానికి ఆమె జవాబు ఇంకా రాలేదు. అయినా గది ఖాళీ చేశాను, నీ కుట్టుమిషను వంటింట్లో పెట్టాను. వస్తుంది. నా బిడ్డ నాకు తెలుసు.

ఆదివారం హైదరాబాద్ పోతున్నాను, మన పాత బండి మీదే. ఎనిమిదేళ్లు చిన్నవాణ్నయినట్టుంది.

నీ దొంగ మొగుడు,
మాణిక్


జహీరాబాద్,
20-11-1986

అనంతమ్మా, నా తల్లీ,

ఏమని మొదలుపెట్టను? ఉన్న క్రమంలోనే రాస్తాను.

ఆదివారం పొద్దున్నే ఆమె ఇంటి ముందు బండి ఆపాను. భాగీరథి బయటికొచ్చింది. కాస్త లావైంది, నీ నడకే. ఏడుస్తానేమో అనుకున్నాను, ఆమె ఏడవనిచ్చే మనిషా? "బాపూ, ముందుగాల చేతులు కడుక్కో. సబ్బు వద్దు" అంది. నేనెన్నోసార్లు మోసుకొచ్చిన నీళ్లలో ఆ చేపలు తిరుగుతుంటే అప్పుడు మొదటిసారి చూశాను.

శరణప్ప సగం నీళ్లు డ్రమ్ముల్లోకి తోడాడు, పాత నీళ్లు పారబోస్తే ఆ జీవాలు కొత్త నీటికి ఓర్వవట. చేపలను క్యాన్లలోకి మార్చారు. రాళ్లకు పాచి పట్టి ఉంది కదా, సాయం చేద్దామని కొబ్బరిపీచు తీసుకుని కుళాయి దగ్గర ఒక రాయి తోమబోయాను. భాగీరథి నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆ పాచిలోనే దాని ప్రాణమట. అంట్లగిన్నె తోమినట్టు సముద్రాన్ని తోమే మామను ఎక్కడా చూడలేదని శరణప్ప నవ్వాడు. మామ అన్నాడు, విన్నావా?

రాళ్లను తొట్లలో సర్దారు. దారిలో ఆరిపోకుండా పైన తడిబట్టలు కప్పాలి. భాగీరథి లోపలికి పోయి ఒక ట్రంకుపెట్టె తెచ్చి మూత తీసింది. అనంతమ్మా, నిండా నీ చీరలే. చిలకపచ్చది, గళ్లది, బొగ్గు పడి కాలిన నారాయణపేటది, అన్నీ ముక్కలుగా, ఉతికి మడతపెట్టి ఉన్నాయి. ఎనిమిదేళ్లవి, ఒక్కటీ పారేయలేదు. నా చేతికొక ముక్క ఇచ్చి, "తడిపి కప్పు బాపూ" అంది. అంతే. నేను తడిపాను, కప్పాను. నీళ్లు బకెట్లోవో కంట్లోవో నాకు తెలియలేదు.

ఆమె నా పక్కన ముందు సీట్లో కూర్చుంది. శరణప్ప వెనక కూర్చుని, క్యాన్లలోని నీళ్లను చెంబుతో ముంచి పై నుంచి పోస్తూనే ఉన్నాడు, చేపలకు గాలి అందాలని. ఆరు గంటల దారిలో చాయ్‌కి తప్ప ఆ చేయి ఆగలేదు. గుంత కనబడితే చాలు, భాగీరథి నా మోచేయి పట్టుకునేది.

"జర మెల్లగ. గివి నీ ఉల్లిగడ్డ బస్తాలు కావు."

"ఇర్వై ఎనిమిదేండ్లు నడిపిన బిడ్డా. కోడిగుడ్లు మోసిన, ఒక్కటి పగల్లే."

సదాశివపేటలో చాయ్‌కి ఆగాం. శరణప్ప చేయి వాచిపోయి గ్లాసు పట్టలేకపోతుంటే నా గ్లాసు అతని నోటికి అందించాను. "తప్పయింది కొడుకా" అన్నాను. అతను ముందు చాయ్ తాగాడు. తర్వాత, "దారి ఇంకా ఉంది మామా, పదండి" అన్నాడు.

బండి ఎక్కాక భాగీరథిని అడిగాను, డ్రమ్ములు పంపింది నేనని ఎప్పటి నుంచి తెలుసని. మొదటి డ్రమ్ము నుంచే తెలుసట. "అమ్మ చీర నేను గుర్తుపట్టనా? గని ఒక్కటి చెప్పు బాపూ. ఆ ఊదా రంగు దసరా చీర అమ్మ రెండుసార్లన్న కట్టలేదు. పాతబట్టల మూట మీదికి ఎట్లొచ్చింది?"

బండి పక్కకు తీసి ఆపేశాను అనంతమ్మా. అప్పుడు తలకెక్కింది నాకు. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ నేను చీర చింపలేదు. కత్తెరే పట్టలేదు. నేను బొంబాయి బయల్దేరే ముందు మూట మీద ఎప్పుడూ ఒక చీర ఉండేది, డ్రమ్ము మూతికి సరిగ్గా సరిపోయేటట్టు ముక్కలు చింపి, ఉతికి. నేనేమో నా అదృష్టం అనుకున్నాను! పైగా ఏ దాబా మహాతల్లికని నన్ను నిలదీశావే, నవ్వెట్లా ఆపుకున్నావే?

ఊళ్లోకి వచ్చాక స్టేషన్ రోడ్డు మలుపు దగ్గర నా కాలు బ్రేకు మీదికి పోయింది. ఎటు తిప్పాలో అడగడానికి భయమేసింది, అయినా అడిగాను.

"ఎటేంది? మనింటికి" అంది. అని, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి అరిచింది, "ఇగొచ్చినం, చెంబు ఆపకు" అని.

ఆమె గడప తొక్కింది అనంతమ్మా. చేతుల్లో నీ చిలకపచ్చ చీర కప్పిన రాయితో తొక్కింది. పక్కింటి రత్నమ్మ పెట్టె అద్దానికి పసుపు పూయబోతే భాగీరథి ఆపి, కింది బల్లకు మాత్రం పూయనిచ్చింది. పదకొండు చేపల్లో ఒకటి పోయింది. ఆ పువ్వులాంటి జీవం నల్లగా ముడుచుకుపోయి మూడు రోజులు అలాగే ఉంది. భాగీరథి దాని ముందే కూర్చుంది, తినలేదు. అది చస్తే నా పాత మాట ఇంకా ఈ గదిలోనే ఉందనుకుంటుందేమోనని నేనూ కూర్చున్నాను. ఈ పొద్దున విచ్చుకుంది. ముందు అరచేతంత, తర్వాత పళ్లెమంత, నారింజ చేప అందులో దూరి పడుకుంది. భాగీరథి మాడిన అన్నం రెండు పళ్లాలు తిని, మేడ గది వద్దని శరణప్పతో కబురు పంపింది.

నీ ముందు గదిలో ఇప్పుడు అడుగు పెట్టే చోటు లేదు. నువ్వు వచ్చాక తిట్టు.

వచ్చే నెల కొత్త నీళ్లు కావాలట. బొంబాయికి నేనే పోతాను, ఈసారి పటాన్‌చెరులో దిగే పని లేదు. నువ్వు వచ్చేటప్పుడు కమలమ్మను అడిగి ఒక పాత నూలుచీర తీసుకురా. ఈసారి నువ్వే, నా ముందర కూర్చుని చింపు.

నీకు చిక్కిన దొంగ,
మాణిక్