తలుపు వెనక గంటసేపు

11 ఆగస్టు 1997

బ్యాగ్ మళ్లీ ఊడింది. ఈసారి క్రూ లాబీలో. డ్యూటీ దిగిన రైలు డ్రైవర్లూ గార్డులూ సంతకాల కోసం నా టేబుల్ చుట్టూ నిలబడి ఉన్నారు. చొక్కా కింద వెచ్చగా జారడం తెలిసింది. ఎవరో కిటికీ తెరవమని హిందీలో అరిచారు. ఫైలు పొట్టకి ఆనించుకుని లేచి, ఎవరికీ చెప్పకుండా క్వార్టర్‌కి నడిచి వచ్చేశాను.

మా ఆవిడ రత్నం నా చొక్కా చూసి బకెట్‌లో నీళ్లు పట్టింది.

12 ఆగస్టు

లీవ్. పగలంతా గోడకేసి తిరిగి పడుకున్నాను.

ఇరవై రెండేళ్లు గూడ్స్ గార్డుగా చేశాను. బండి చివర బ్రేక్ వ్యాన్‌లో ఒక్కణ్ణే, పచ్చజెండా, టీ ఫ్లాస్కు. ఏప్రిల్‌లో కలకత్తాలో ఆపరేషన్ అయింది. పెద్దపేగు చివర కేన్సర్. ఆ చివరంతా కోసి తీసి, కింది దారి మూసేశారు. పొట్ట ఎడమ పక్క కన్నం చేసి పేగు కొస బయటికి తెచ్చి కుట్టారు. స్టోమా అంటారు. దానికి అదుపు లేదు, వేళ లేదు. మీద బ్యాగ్ అంటించుకుని తిరగాలి. ఇంక లైన్ మీదికి పంపరు. టాటానగర్ లాబీలో కుర్చీ ఇచ్చారు.

ఈ సంగతి రత్నానికి, మా అమ్మాయి నందితకి, అమ్మకి మాత్రమే తెలుసు. మిగతా అందరికీ అల్సర్ అని చెప్పాం. తమ్ముడు ఆదిబాబుకి కూడా.

ప్రాణం దక్కింది కదా అంటుంది రత్నం. దక్కింది. దాన్నేం చేసుకోవాలో తెలియడం లేదు.

3 సెప్టెంబరు

అగ్రికో కాలనీలో ఆదిబాబుకి కొత్త క్వార్టర్ వచ్చింది, గృహప్రవేశం లాంటిది చేశాడు. అందరూ వెళ్లారు. నేను వెళ్లలేదు.

20 సెప్టెంబరు

నిన్న కలకత్తా చెకప్. స్టోమా క్లినిక్‌లో ముసలి సిస్టర్ ఒకావిడ నా మొహం చూసి, ఎన్నాళ్లయింది నువ్వు ఎవరింటికైనా వెళ్లి అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. నలభై ఏడేళ్లవాణ్ణి.

ఆవిడ ఇరిగేషన్ నేర్పింది. నీళ్ల సంచి భుజం ఎత్తున తగిలించాలి. దాని ట్యూబు చివర మెత్తటి కోన్ ఉంటుంది. అది స్టోమాలో ఆనించి, లీటరుకి కాస్త తక్కువ గోరువెచ్చని నీళ్లు మెల్లగా లోపలికి వదలాలి. తర్వాత ముప్పావుగంట కూర్చుంటే లోపలిదంతా నీళ్లతో పాటు వచ్చేస్తుందట. అలవాటు పడితే రోజంతా ఇంకేమీ రాదు. బ్యాగ్ అక్కర్లేదు, చిన్న క్యాప్ చాలు. రోజూ ఒకే వేళకి చెయ్యాలి. తొందర పడకూడదు.

కిట్ ఇచ్చింది. రైల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నమ్మకం లేదు.

23 సెప్టెంబరు

బాత్‌రూమ్ గోడకి మేకు కొట్టాను. పీట మీద కూర్చుని, స్టోమాకి తగిలించిన పొడుగు ప్లాస్టిక్ తొడుగు చివర లెట్రిన్‌లోకి వదిలాను. నీళ్లు చల్లగా ఉన్నాయి కాబోలు, పేగులు మెలిపెట్టేశాయి. చెమటలు పట్టి గోడకి ఒరిగిపోయాను. నీళ్లు లోపలే ఉండిపోయాయి. ఆఫీసులో పదకొండింటికి వచ్చాయి.

24 సెప్టెంబరు

చెయ్యలేదు.

30 సెప్టెంబరు

రత్నం నీళ్లు కాచి, మోచేత్తో వేడి చూసి ఇచ్చింది. సంచి తనే పట్టుకుంటానంది. వద్దని తలుపేసుకున్నాను. గట్టిగా అరిచాను కూడా. ఎందుకు అరిచానో తెలుసు. చూడనివ్వలేను.

16 అక్టోబరు

ఉదయం ఐదింటికి చేశాను. ఇప్పుడు రాత్రి తొమ్మిది. ఏమీ రాలేదు. క్యాప్ పొడిగా ఉంది.

సంతోషించాలి. వేలితో క్యాప్ తడిమి తడిమి చూసుకోవడంతోనే రోజు గడిచిపోయింది.

22 నవంబరు

వారంలో ఐదు రోజులు కుదురుతోంది. మళ్లీ లైన్ మీదికి పంపమని అడిగాను. రూల్ లేదన్నారు. మర్యాదగానే అన్నారు.

నందిత పొద్దున్నే కాలేజీకి వెళ్లాలి. బాత్‌రూమ్ ఒక్కటే. తలుపు కొట్టి, "పాపా, ఔర్ కిత్‌నా టైమ్?" అంటుంది హిందీలో, నాన్నా ఇంకెంతసేపు అని. రోజూ అదే ప్రశ్న. తప్పు దానిది కాదు.

28 డిసెంబరు

అమ్మ మంచం పట్టి పది రోజులైంది. ఇవాళ చెయ్యి పట్టుకుని, "నాను పోతే తలకొరివి నువ్వే ఎట్టాల. ఆదిగాడు కాదు. పెద్దోడివి నువ్వు" అంది.

చెయ్యి విడిపించుకుని దుప్పటి సర్దాను. చొక్కా లేకుండా, తడి పంచెతో, సీతారాండేరా బస్తీ నుంచి వచ్చే మనవాళ్లందరి ముందు నిలబడాలి. ఆదిబాబే చేస్తాడని నేను ఎప్పుడో మనసులో రాసిచ్చేశాను.

9 జనవరి 1998

తెల్లవారకముందే, నాలుగూ నలభైకి అమ్మ పోయింది.

ఆరింటికల్లా ఇల్లు నిండిపోయింది. ముందు గదిలో అమ్మని పడుకోబెట్టారు. ఆదిబాబు నన్ను పక్కకి పిలిచి, "అల్సరు ఒళ్లు నీది, సలిలో నిలబడలేవు. నాను సేత్తాన్లే అన్నియ్యా" అన్నాడు. సరే అందామని నోరు తెరిచాను. నేనే చేస్తానని వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఐదింటికి చేసుకోలేదు. అలాగే వెళ్తే మధ్యాహ్నంలోగా, ఒడ్డు మీద, కుండ భుజాన ఉండగా వచ్చేస్తుంది. రత్నం వైపు చూశాను. తనకి అర్థమైంది. ఏడుస్తూనే లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. శవం ఉన్న ఇంట్లో పొయ్యి ముట్టించిందని ఆడవాళ్లు గొణిగారు.

తలుపేసుకున్నాను. పావుగంట తర్వాత ఎవరో కొట్టారు. తర్వాత ఆదిబాబు. తర్వాత మా పిన్ని నూకాలమ్మ, అమ్మ చెల్లెలు. "తల్లిని సాప మీద ఎట్టుకుని గంటసేపు తానమేట్రా! సిగ్గునేదా?" అని అందరికీ వినపడేలా అరిచింది. తొందర పడకూడదు అని సిస్టర్ అన్న మాట పళ్లు బిగించి పట్టుకున్నాను. పీట మీద కూర్చున్నాను. అమ్మ కోసం ఏడవాల్సిన గంట అది. తొడుగులో నీళ్ల రంగు ఎప్పుడు మారుతుందా అని చూస్తూ గడిపాను.

బయటికి వస్తే ఎవరూ నా మొహం చూడలేదు.

క్యాప్ మీద పంచె ఎత్తి కట్టాను. సువర్ణరేఖ ఒడ్డున మూడు చుట్లూ తిరిగాను. నిప్పు పెట్టాను. ఏమీ కాలేదు. అంతా సవ్యంగా జరిగింది.

12 జనవరి

ఆదిబాబు నాతో మాట్లాడడం లేదు. తల్లి చచ్చిన పూట సబ్బు రుద్దుకుంటూ కూర్చున్నాడని మనవాళ్లంతా అనుకుంటున్నారట. చెప్పేద్దామంది రత్నం. వద్దన్నాను.

ఏం చెప్పాలి? మొదట అల్సర్ అబద్ధమని చెప్పాలి. తర్వాత మిగతాది. తల్లి దగ్గర కూడా దొంగతనంగానే కొడుకునయ్యాను.

15 జనవరి

ఇవాళ ఇరిగేషన్ కుదర్లేదు. మళ్లీ బ్యాగ్.

18 జనవరి

పదో రోజు. రేవులో గుండు చేయించుకుని మునిగాను. లేచేసరికి తడి పంచె జారింది, క్యాప్ నీళ్లలో కొట్టుకుపోయింది. పట్టుకోలేదు. కప్పుకోలేదు కూడా. ఆదిబాబు చూసి తల తిప్పుకున్నాడు. నూకాలమ్మ పిన్ని మెట్లు దిగి దగ్గరికొచ్చి, వంగి, పొట్ట మీద ఎర్రగా ఉన్న స్టోమాని చాలాసేపు చూసింది.

"ఏట్రా ఇది... పసిబిడ్డ నోరునాగుంది" అంది.

అది అప్పుడే కొంచెం కదిలింది.