కాంటాక్ట్ షీట్లకు సన్న కాగితం

ఊటీ,
ఆదివారం.

అక్కా,

నీకూ బావకూ నా నమస్కారాలు. నేను బాగున్నాను. నమ్ము, నిజంగానే బాగున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? మిద్దె మెట్లు ఎక్కడం తగ్గించావా? బట్టల దుకాణంలో కూర్చుని కూర్చుని బావకు నడుము పట్టేసిందన్నావు, తగ్గిందా? ఇవన్నీ ఫోనులో అడగొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనిస్తేగా! పైగా ఈ కవరులో ఫోనులో పంపలేనివి కొన్ని ఉన్నాయి. ముందు ఉత్తరం మొత్తం చదువు, తరువాతే వాటిని బయటికి తీయి.

ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. బడిలో పని తేలికే. పిల్లలకు ఫొటోలు తీయడం, పాత పద్ధతిలో చీకటిగదిలో కడగడం నేర్పాలి. ఈ కాలంలో దానికి జీతమిచ్చే బడి ఉందంటే మీ ప్రొద్దుటూరులో ఎవరూ నమ్మరు. చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. ఎండాకాలంలో ఫొటోలు కడిగే మందు వేడెక్కకుండా నాయన ట్రే చుట్టూ ఐసు ముక్కలు పెట్టేవాడు, గుర్తుందా? ఇక్కడ నేను ట్రే కింద వేడినీళ్లు పెడుతున్నాను. తిండికి లోటు లేదు కానీ, కారం అనేది ఒకటుందని ఈ హాస్టలు వంటాయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెనిక్కాయల పొడి ఒక డబ్బా పంపావంటే నీ పేరు చెప్పుకుని తింటాను. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక తెలుగు మాట ఒక్కటీ వినపడదు. అప్పుడు కాస్త దిగులుగా ఉంటుంది, దాచను. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. జమ్మలమడుగులో నాయన పోయాక మూసి ఉన్న స్టూడియో గదిని టైలరుకు అద్దెకిచ్చేసి, అందులోని నెగటివుల ట్రంకును, పాత ఫిల్ములోంచి వెండి తీసేవాళ్లకు తూకానికి వేస్తానన్నావు. నేను వద్దన్నాను. నీకు ఎంత కోపం వచ్చింది!

"ఏం చేసుకుంటావురా వాటిని? ఊళ్లో అందరి పెండ్లిళ్లూ ఉండాయి దాంట్లో, మనమ్మ ఒక్కతే ల్యా. లోకానికంతా ఫొటోలు తీసినాయన, ఇంట్లో మనిషికి ఒక్కటన్నా తీయల్యా. నాకెందుకురా ఆ పెట్టె?" అన్నావు.

నువ్వన్నదీ నిజమే. పెళ్లి ఫొటోలో అమ్మ తల వంచుకునే ఉంది. అమ్మ పోయినప్పుడు దండ వేయడానికి ఫొటో లేక, మేనమామ పెళ్లి గుంపులో వెనక వరసలో ఉన్న ముఖాన్ని నాయన పెద్దది చేశాడు. ఆ మసక ముఖానికే మనం ఇన్నేళ్లుగా దండం పెడుతున్నాం. అయినా ఒక్క నెల ఆగమన్నాను, ట్రంకులోంచి పది రీళ్లు పంపమన్నాను. తిట్టుకుంటూనే పంపావు.

రీళ్లతో పాటు నాయన వాడగా మిగిలిన ఫొటో కాగితాల పెట్టె కూడా పంపావు. కొనే పని తప్పిందని సంబరపడ్డాను. మొదటి కాగితం మందులో వేస్తే బొగ్గులా నల్లబడింది. నడిమధ్యలో మాత్రం తెల్లగా, ముచ్చటగా, ఒక వేపరెమ్మ! ఫోను చేస్తే ఏమన్నావు?

"చెడు వాసన కొడతాంటే మిద్దె మీద ఎండలో పరిచి, పురుగు పట్టకుండా వాటి మీదనే వేపాకు పెట్టినా. అదీ తప్పేనా?"

అక్కా, అవి పట్టుచీరలు కావు! వెలుతురు తగిలితే పనికిరాకుండా పోయే కాగితాలు. నీ శుభ్రతకు పెట్టె మొత్తం బలైపోయింది. ఆ వేపరెమ్మను మాత్రం మా బడి పిల్లలు గోడకు అంటించుకున్నారు. ఎవరు చేశారని అడిగితే మా అక్క అని గొప్పగా చెప్పాను.

కొత్త కాగితం కొనక తప్పలేదు. మందపాటిది అట్టలా ఉంటుంది, గోడకు తగిలించే ఫొటోలకు దివ్యంగా ఉంటుంది, కానీ దాని ధర విని నోరు మూసుకున్నాను. ప్లాస్టిక్ పూత వేసినది చవకే, కానీ మడిస్తే పగులుతుంది, నీకు కవరులో పంపలేను. ఏమీ తోచక పులివెందులకు, ఓబులేసు మామకు ఫోను చేశాను. ఆయన స్టూడియో మూసేసి ఇప్పుడు చీనీతోట చూసుకుంటున్నాడు. నాయన స్నేహితుల్లో మిగిలింది ఆయనొక్కడే కదా.

"రీలంతా ఒకసారి చూసుకునేదానికి మందం కాయితం యాలరా? సన్నది తీసుకో. నున్నగా మెరిసేదైతే చిన్న మొగాలు గూడా తేటగా పడతాయి" అన్నాడు.

అదే చెన్నై నుంచి తెప్పించాను. చవక, తేలిక. ఆరేటప్పుడు చుట్టుకుపోతుంది, పరుపు కింద పెట్టి దాని మీద పడుకుంటే చదునవుతుంది. నెగటివులను ఆ కాగితం మీద పరిచి, పైన అద్దం పెట్టి ఒక్క క్షణం లైటు వేస్తే, రీలంతా తపాలా బిళ్లలంత బొమ్మలుగా ఒకే కాగితం మీదికి దిగుతుంది. అదే కాంటాక్ట్ షీట్. నాయన ఎప్పుడూ ఇలా చేయలేదు. ఎవరైనా అడిగిన ఫొటోకే ఆయన కాగితం వాడేవాడు, మిగతావి నెగటివులోనే ఉండిపోయేవి.

మొదటి షీటులో ఎవరిదో పెళ్లి. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు. చివరి గడిలో మన వంటింటి గడప, గడప మీద అమ్మ.

నెగటివులో నలుపు తెలుపు తారుమారై ఉంటాయి కదా, అందులో చూసినప్పుడు ఎవరో పెళ్లివారి మనిషనుకుని వదిలేశాను. వెంటనే రెండోది వేశాను. చివరి గడిలో అమ్మ. మూడో రీలులోనూ అంతే. ఒకదాంట్లో వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకదాంట్లో నోరు తెరిచి నాయనను తిడుతోంది, అచ్చం నువ్వే. ఒకదాంట్లో రిబ్బను పళ్ల మధ్య పట్టుకుని నీకు జడ వేస్తోంది, నువ్వు ఏడుపు ముఖం పెట్టావు. ఆ చీకటిగదిలో ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను అక్కా. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మళ్లీ ఓబులేసు మామకు ఫోను చేసి, నీకు తెలుసా మామా అని అడిగాను.

"తెలీకేం అబ్బీ! రీలులో ఆఖరికి ఒకటో రెండో మిగుల్తాండె. మీ నాయన ఇంటికి పోయి మీ అమ్మను ఫొటో తీసొచ్చినాకనే రీలు కడుగుతాండె. ఇన్ని తీస్తాండావు, ఒకటన్నా కాయితం మీద ఏసి ఆయమ్మకియ్యిరాదా అని నేనే అడిగినా. 'ఆమె ఒప్పుకోదురా, నా మొగానికి కాయితం దండగ, దాంతో ఇంకొకరికి ఫొటో ఇస్తే బిడ్డలకు పలకలొస్తాయి అంటాది' అన్న్యాడు మీ నాయన."

అమ్మ పోయాక కూడా నాయన ఆ మాట దాటలేదు కాబోలు, దండకు సైతం ఈ రీళ్లను ముట్టుకోలేదు. కవరులో ఆ షీట్లు పెట్టాను. దుకాణంలో బావ దగ్గర భూతద్దం ఉంది కదా, దాంతో తీరిగ్గా చూడు. నీకు నచ్చిన అమ్మ చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీసి పంపు. దాన్ని మాత్రం మందపాటి కాగితం మీద, ఎంత ధరైనా సరే, పెద్దది చేస్తాను. ఏది అనేది నువ్వే చెప్పాలి. నాకు ఆ దండ వేసిన మసక ముఖం తప్ప అమ్మ ముఖం సరిగా గుర్తు లేదు.

పెద్దత్త పాదాలకు నా నమస్కారాలు చెప్పు. ఓబులేసు మామ అటు వస్తే అన్నం పెట్టకుండా పంపొద్దు. నువ్వూ బావా నన్ను చల్లగా ఉండమని దీవించండి.

మూడు షీట్లను విడిగా చిన్న కవరులో పెట్టాను, వాటిని బావ ఇంట్లో ఉన్నప్పుడు చూడు. అవి అమ్మ పోయిన తరువాతి రీళ్లు. అవే పెళ్లిళ్లు, అవే తలంబ్రాలు. చివరి గడిలో అదే గడప, దాని మీద ఎవరూ లేరు. మూడు రీళ్లలోనూ అంతే. రీలు అయిపోగొట్టడానికి స్టూడియో గోడను తీసినా సరిపోయేది. నాయన ఇంటికే వెళ్లి తీశాడు.

ట్రంకు సంగతి ఇక నీ ఇష్టం అక్కా.

నీ తమ్ముడు,
శీను