పిడికి కట్టని గుడ్డ

చిట్యాల, 1957, శుక్రవారం

ఇవాళ లక్ష్మమ్మ వదిన కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. మేమంతా పనిచేసే బియ్యం మిల్లులో, వడ్లు పైకెత్తే బెల్టు ఆగి ఉంటే దాని కింద ఊడుస్తూ ఉంది. మిల్లు ఇంజను నడిపే డ్రైవర్ మల్లయ్య పొట్టు తీసే మిషన్ పిడి అనుకొని బెల్టు పిడి లాగాడు.

అందరూ మల్లయ్యనే తిడుతున్నారు. ఆయన "నా కండ్లు మండిపోను" అంటూ మూలకు కూర్చున్నాడు. ఆ రెండు పిడులూ పక్కపక్కనే, ఒకే నలుపులో, ఒకే ఎత్తున ఉంటాయి. ఎవరైనా ఒకరోజు తప్పు పిడి లాగేవారే. యంత్రమే మనిషికి తగ్గట్టు ఉండాలని పార్టీ చిన్న పుస్తకాల్లో చదివి, పోయిన నెల బెల్టు పిడికి ఎర్రగుడ్డ కట్టాను. సేటు పీకేశాడు.

"నా మిల్లుల జెండా కడుతున్నవా?"

"జెండ గాదు సేటూ, గుర్తు. రెండు పిడులు ఒక్కతీరుగున్నయి."

"అయితే తెల్లది కట్టుకో. నేనొద్దంటనా?"

"కడితే ఎర్రదే కడత."

అలా అన్నానే గాని ఏదీ కట్టలేదు. నా పంతమే నాకు ఎక్కువైంది.

సాయంత్రం దవాఖానలో వదినకు ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ, "ఏ రంగైతేంది తమ్మీ? అడిగితే నా కొంగు చింపి ఇస్తుంటి గద" అంది.

మల్లయ్యను పనిలోంచి తీసేస్తానంటున్నాడు సేటు. తప్పు నాది కూడా అని రేపు చెప్పాలి. చెప్పగలనా...

తెల్లగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను. కట్టడానికి రెండు నిమిషాలు పట్టదు. పోయిన నెల కూడా పట్టేది కాదు.