నాయిన కండ్లు, మగ్గం మీద నింద

చెల్లె భూలక్ష్మికి,

దిల్‌సుఖ్‌నగర్ నుంచి అందరికి తెలియజేయునది ఏమనగా, నీ అన్న మొన్న దుకాణంల స్టూలు తాకి పట్టుచీరెల మీద బోర్ల పడ్డడు. గిరాకీలంత లేచి చప్పట్లు కొట్టిన్రు.

నవ్వుకున్నవా? ఇగ జర ఇను. ఫోన్ల చెప్తే "నీ మస్కిరీలు ఆపు అన్నా" అని పెట్టేస్తవు, అందుకే రాస్తున్న.

స్టూలు పక్కకే ఉన్నా నాకు కనబడలే. దవాఖానకు పోతే నీటికాసులన్నరు. కంట్ల ప్రెషర్ పెరిగి ఎడమ కన్నుకు పక్క చూపు పోయిందంట. నొప్పి లేదు, ఏం లేదు. ఆడున్న గుంటూరు దిక్కు డాక్టరమ్మ "ఇంత అందమైన కళ్ళు చూళ్ళేదండీ" అని, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అనడిగింది. మా నాయిన కండ్లను మగ్గం తిన్నదమ్మా అన్న.

"మరి మీరెప్పుడైనా నేశారా?"

నేనెక్కడ నేసిన? బడి బంద్ పెట్టినకాడ నుంచి చీరెలమ్ముడే.

"అయితే మగ్గాన్ని అనకండి, మీ రక్తంలోనే ఉంది. తోడబుట్టినవాళ్ళని తీసుకురండి" అన్నది.

మగ్గం ఎక్కలేదని నువ్వు ధైర్యంగున్నవు. పైంగ కండ్ల దురదకని మెడికల్ షాపుల కొన్న చుక్కలు ఏడాది సంది వేస్తున్నవు. గసొంటి చుక్కలతోటి గుడ ప్రెషర్ పెరగొచ్చంట. సోమవారం ఎల్బీనగర్‌ల మెట్రో ఎక్కి ఈడ దిగు, దవాఖానకు నేను తోల్కపోత. పోయిన చూపు రాదంట, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చంట.

చప్పట్లు కొట్టిన్రన్నది నేను కల్పించిన. అందమైన కండ్లన్నది గుడ నేనే కల్పించిన. మిగిలిందంత నిజమే చెల్లె.

నీ అన్న